నల్లరంగు కింది పసుపు గీతలు

మూడేళ్ల కిందట ఆదోని కొండ దిగుతుండగా నా బండి పక్కకు పడిపోయి నా స్నేహితుడి కాలు నుజ్జయింది. ఎమ్మిగనూరు మేస్త్రీ బోల్టులు సరిగా బిగించకపోవడం వల్లే అలా జరిగిందని మా ఊళ్లో జీపులున్న వాళ్లందరూ నమ్మారు. ఆ మాట వాళ్లకు చెప్పింది నేను. అది అబద్ధం. ఇది రాస్తున్నది అందుకే. నాకిప్పుడు యాభై ఒకటి. కుర్రతనం అని చెప్పుకునే వీలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ బండి నాకు మా ఆదోనిలోనే మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు వెనక దొరికింది. జీపు కంటే పొడుగు, వెనక ఎదురెదురు సీట్లు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత డీజిలు రకం. ఆలూరు వైపు రాళ్ల క్వారీలో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి అక్కడికి చేరిందట. బానెట్ ఎత్తితే ఇంజను కనబడలేదు. ఎలుకలు మిల్లులోని దూదంతా తెచ్చి కుక్కి, పరుపులాగా గూడు కట్టుకున్నాయి. కింద రేకు తుప్పుపట్టి ఊడిపోతే ఎవరో గోనెసంచులు పరిచారు. సంచి ఎత్తితే నేల కనిపించింది. నాకు పైపుల, మోటార్ల దుకాణం ఉంది. రోజంతా కౌంటరు వెనకే ఉంటాను. ఆదివారాల్లో కొంతమంది జీపులేసుకుని కొండల్లోకి, వంకల్లోకి పోయి ఫోటోలు పెట్టేవాళ్లు. వాళ్లను చూసి నాకూ ఆశ పుట్టింది. అంతకు మించి పెద్ద కారణం లేదు.

పాత బండ్ల పని ఎవరు బాగా చేస్తారని అడిగితే అందరూ ఒకే మనిషి పేరు చెప్పారు. ఎమ్మిగనూరులో మంత్రాలయం పోయే రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు ఉండేది. ముప్పై ఏళ్లుగా క్వారీ జీపుల కింద, లారీల కింద పడుకుని బతికిన మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఆయన్ను అందరూ మేస్త్రీ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను. బండిని ట్రాక్టరుకు కట్టి లాక్కుపోతే, ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, దూది గూడు చూసి నవ్వాడు.

"కాపురం బాగనే పెట్టినాయి అప్పా ఎలుకలు. వీటికి యాడన్నా ఇల్లు సూపెట్టి బండి తీసుకుందాంలే."

నాలుగు నెలలు పట్టింది. తుప్పు రేకంతా ఉలితో కోసి తీశాడు. చట్రాన్ని గీకి, పగుళ్లున్న చోట పట్టీలు వేసి అతికించాడు. ఇంజను విప్పి టబ్బులో కిరసనాయిలు పోసి ఒక్కో ముక్కా కడిగాడు. వారంలో రెండు మూడు సార్లు నేను దుకాణం వదిలి ఎమ్మిగనూరు పోయి, ఒక పాత టైరు మీద కూర్చుని చూసేవాణ్ని. ఆ నాలుగు నెలలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఈ మాట కూడా రాయాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు.

గొడవంతా ఎత్తు దగ్గర వచ్చింది. ఫోటోల్లో చూసిన బండ్లలాగా నా బండి నాలుగంగుళాలు పైకి లేవాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"పీట ఎక్కి నిలబడుకుంటే పొడుగోడివి అయితావా? కింద పడేది సులువు అయితాది, అంతే. రెండంగుళాలు చాలు."

"అందరూ నాలుగు చేసుకున్నారు మేస్త్రీ."

"అందరి ఇండ్లల్లో వాళ్లను అడిగేవాళ్లు ఉండరు. నిన్ను అడిగేటోన్ని నేనుండా."

చివరికి మూడు దగ్గర తెగింది. ఆ మూడంగుళాల కోసం ఆయన ఎంత పని చేశాడో నాకు అప్పుడు తెలియదు. ఇలాంటి బండి బరువంతా కమాను కట్టల మీద ఉంటుంది. ఒకదానిమీద ఒకటి పేర్చిన వంపు తిరిగిన ఉక్కు పట్టీలు అవి. ప్రతి కట్టకూ కొత్త పట్టీలు చేర్చాడు. బ్రేకు గొట్టాలు పొట్టివవుతాయని పొడుగువి తెప్పించాడు. చక్రాలను తిప్పే ఇనుప కడ్డీ వాలు మారిందని దాన్ని విప్పి సరిచేశాడు. అన్నిటికంటే ముఖ్యం యూ బోల్టులు. కమాను కట్టను ఇరుసుకు కట్టి ఉంచేవి అవే. నాలుగు చక్రాల దగ్గరా కలిపి పదహారు నట్లు.

ఆ పదహారూ బిగించిన రోజు రంజాను నెలలో ఉంది. మధ్యాహ్నం ఎండకు షెడ్డు రేకులు కాలుతున్నాయి. ఆయన ఉపవాసంలో ఉన్నాడు. నీళ్లు కూడా తాగకుండా బండి కింద పడుకుని, పొడుగు పానాకు పైపు తొడిగి, ఒక్కో నట్టునూ పాదంతో చట్రాన్ని తన్ని పట్టుకుని బిగించాడు. సాయంత్రం బిగించుకోవచ్చు గదా అన్నాను. మొదలుపెట్టిన నట్టు ఇంకో పూటకు వదలకూడదు అన్నాడు. బిగించిన ప్రతి నట్టు మీదా సన్న కుంచెతో ఒక పసుపు గీత గీశాడు. బోల్టు కొన నుంచి నట్టు మీదుగా కింది పలక దాకా ఒకే గీత. అది ఆయన పద్ధతి. వేరే ఎవరూ అలా గీయడం నేను చూడలేదు.

బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఇవి కొత్త పట్టీలప్పా. ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని సర్దుకునేదానికి కొన్ని దినాలు పడతాది. అవి సర్దుకుంటే నట్లు వదులయితాయి. తప్పదు, ఎంత బిగించినా అంతే. ఎట్లా మంత్రాలయం పోయి పూజ చేయించుకుంటావు గదా. పోయి నేరుగా నా కాడికి రా. మళ్లా బిగిస్తా. అంతవరకు కొండా గిండా ఎక్కద్దు."

"సరే."

"సరే అంటే కాదు. దినామూ వంగి గీతలు సూడు. నట్టు మీద గీత, పలక మీద గీత ఒకదానికొకటి తప్పినాయంటే ఆ బండిలో కూసోనే వద్దు."

మా వైపు బండి కొన్నా, బాగుచేయించినా మొదట మంత్రాలయం తీసుకుపోవడం అలవాటు. నా స్నేహితుణ్ని వెంటబెట్టుకుని పోయాను. అతనికి ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమిషను వ్యాపారం. ఒకే బడి, ఒకే బెంచీ. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పూజ చేయించి, పొద్దు కుంకే వేళకు ఎమ్మిగనూరు వచ్చాం. షెడ్డు తలుపు సగం వేసి ఉంది. మేస్త్రీ ఉపవాసం విడవడానికి మసీదుకు పోయాడని, గంటలో వస్తాడని పక్క టీకొట్టాయన చెప్పాడు.

"గంటే గదరా. టీ తాగుతా కూసుందాం," అన్నాడు నా స్నేహితుడు.

"మళ్లా వస్తాంలే. బండి బాగనే పోతాండాది గదా."

"ఆయప్ప అన్నిసార్లు సెప్పినాడు..."

"వాళ్లు అట్లనే అంటారు. మళ్లీ మళ్లీ పిలిపించుకునేది వాళ్లకు అలవాటు."

అతను ఎక్కి కూర్చున్నాడు. ఇంటికి పోయాం. తరవాతి నాలుగు రోజుల్లో మేస్త్రీ రెండుసార్లు ఫోను చేశాడు. రేపొస్తానని రెండుసార్లూ చెప్పాను.

ఆ ఆదివారం జీపుల వాళ్లంతా ఆదోని కొండ దగ్గర కలవాలని అనుకున్నారు. బండి ఎత్తు పెరిగితే దాని కడుపు పదిమందికీ కనబడుతుంది. అందరూ ముందు వంగి కిందే చూస్తారు. అక్కడ వెల్డింగు మచ్చలు, పాత తుప్పు మరకలు, ఆ పసుపు గీతలు నాకు అసహ్యంగా తోచాయి. లారీ చట్రాలకు రంగులేసే మనిషిని దుకాణం దగ్గరికి పిలిపించి, కిందంతా నల్లగా కొట్టమన్నాను. అతను గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి లోపలి నుంచే పిలిచాడు.

"అన్నా, ఈ పసుపు గీతలు ఏందివి? ఎనక ఎడం పక్క రెండు పక్కకు జరిగినాయి సూడు."

వంగి చూశాను. అతను చెప్పింది నిజం. రెండు నట్ల మీద గీత, పలక మీది గీతకు గోరు వెడల్పు దూరం జరిగి ఉంది. స్పష్టంగా చూశాను. మేస్త్రీ చెప్పిన మాట గుర్తుంది. ఎమ్మిగనూరు ముప్పై కిలోమీటర్లు కూడా లేదు.

"వేసెయ్. దాని మీదనే వెయ్యి," అన్నాను.

"మేస్త్రీకి ఒకసారి సూపిస్తే..."

"నువ్వు రంగేసేటోడివా, మేస్త్రీవా?"

అతను తల కిందికి దించుకుని కుంచె తీసుకున్నాడు. సాయంత్రానికి బండి కడుపు అద్దంలా మెరిసింది. ఫోటోలు తీసి పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు.

ఆదివారం కొండ ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. దిగేటప్పుడు రాళ్ల మలుపులో వెనక ఎడమ పక్క నుంచి ఠంగుమని ఒక్క చప్పుడు వచ్చింది. స్టీరింగు నా చేతుల్లోనే ఉంది కానీ బండి నా మాట వినలేదు. ఇరుసు కమాను మీంచి పక్కకు జరిగిపోయి వెనకభాగం అడ్డంగా లాగింది. ఎడమ పక్కన ఎండిపోయిన వంకలోకి ఒరిగి పడింది. నా స్నేహితుడు ఆ పక్కన కూర్చున్నాడు. రేకు లోపలికి నొక్కుకుపోయి అతని మోకాలి కింద కాలు అందులో ఇరుక్కుంది. తీయడానికి చాలా సేపు పట్టింది. అతను అరవలేదు. రేయ్, రేయ్ అని మాత్రం నన్ను పిలుస్తూ ఉన్నాడు.

ఆస్పత్రి వరండాలో జీపుల వాళ్లు నా చుట్టూ చేరారు. ఏమైందప్పా అని ఒకరు అడిగారు. అతని భార్య కొంచెం దూరంలో గోడకు ఆనుకుని వింటోంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మేస్త్రీ యూ బోల్టులు సరిగా బిగీలేదు." అది అన్నాక ఇక వెనక్కి పోలేదు. ఆ రాత్రికే ఫోనులో మా జీపుల వాళ్ల గ్రూపులో గొంతుతో ఒక మెసేజీ పెట్టాను. ఎమ్మిగనూరు మేస్త్రీ దగ్గరికి ఎవరూ పోవద్దండి, మా వాని కాలు పోయింది అని. నా గొంతు వణికింది. అందరూ అది బాధ అనుకున్నారు.

మరుసటి రోజు మేస్త్రీ బస్సులో వచ్చాడు. పనిబట్టల్లోనే ఉన్నాడు. నా మీద ఏ నిందా వేయలేదు, తనను తాను వెనకేసుకోనూ లేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"కొండెక్కేముందు గీతలు సూసినావా అప్పా?"

చూశాను అని చెప్పొచ్చు, జరిగాయి అని చెప్పొచ్చు. ఆ ఆదివారం చూడలేదు అన్నా సగం నిజమయ్యేది. నేను అన్నది ఇది:

"సూసినా. అన్నీ నేరుగానే ఉండె."

ఆయన తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. తరవాత తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "గీత నేరుగా ఉండి కూడా వదిలిందంటే, గీత గీసేనాటికే నట్టు బిగీలేదని. ఆ పొద్దు ఉపాసముంటిని. చేతుల్లో సత్తువ లేకపోయిండాల. బిగించినా అనుకుంటిని."

లోపలికి పోయి, మంచం దగ్గర నిలబడి, నా స్నేహితుని బాగున్న కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. తప్పయిపోయిందప్పా అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పోయేటప్పుడు బండి ఒకసారి చూస్తానన్నాడు. రెండు రోజులాగి రమ్మన్నాను. మర్నాడే పాత ఇనుము వాళ్లను పిలిచి కోయించేశాను. నల్లరంగును గోటితో గీకినా అడుగున పక్కకు జరిగిన గీతలు కనిపించేవి. అందుకే కోయించాను.

నా స్నేహితునికి కర్నూలులో ఆపరేషను చేశారు. కాలు నిలిచింది కానీ పొట్టిదైంది. యార్డులో పత్తి బోరాల మధ్య కర్ర పట్టుకుని తిరుగుతాడు. మేస్త్రీ ఆ సంవత్సరమే షెడ్డు వదిలేశాడని విన్నాను. జనం రావడం మానేశారు, అది ఒకటి. వచ్చిన ఒకరిద్దరినీ ఆయనే వెనక్కి పంపాడట. అదే రోడ్డు మీద చిన్న పంచరు కొట్టు పెట్టుకున్నాడు. నేను మంత్రాలయం పోవాల్సి వస్తే వేరే దారిన పోయేవాణ్ని.

ఈ సంవత్సరం ఒక రైతుకు మోటారు దింపడానికి ఎమ్మిగనూరు పోక తప్పలేదు. మోటారు వేసుకున్న ట్రాలీ ఆటోకు డీజిలు పోయించడానికి బంకులో ఆగాను. ఎదురుగా ఆయన కొట్టు. గడ్డం పూర్తిగా నెరిసింది. ఒక ట్రాక్టరు చక్రం తొడిగి నట్లు బిగిస్తున్నాడు. అయిపోయాక పానా డ్రైవరు చేతిలో పెట్టాడు.

"నువ్వొకసారి లాగి సూడప్పా."

డ్రైవరు లాగి చూసి, బాగుందన్నాడు.

"ఇంకోసారి సూడు. అన్నీ సూడు."

డ్రైవరు నవ్వాడు. "ఏం మేస్త్రీ, ఇన్నేండ్ల పని, నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదా?"

"లేదప్పా. సూడు," అన్నాడు. ఎగతాళికి బదులు చెప్పినట్టు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆయన వ్యాపారం పోయిందని నాకు తెలుసు. నా అబద్ధం ఇంత లోపలికి పోయిందని అప్పటిదాకా తెలియదు. తెలిశాక కూడా పది రోజులు ఆగాను. పదకొండో రోజు పొద్దున్నే పోయాను. ఆయన నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, కాలెట్లుందప్పా ఆయప్పకు అని అడిగాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. గీతలు జరిగింది చూశానని, దాని మీద రంగు వేయించానని, ఆస్పత్రిలో చెప్పింది అబద్ధమని.

ఆయన ట్యూబు వదల్లేదు.

"ఎన్ని గీతలు?"

"రెండు. ఎనక ఎడం పక్క."

"ఎంత జరిగిండె?"

గోరు చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"అంతే అయితే మంత్రాలయం దారిలోనే సర్దుకున్యాయి. అది ఉండేదే. తెచ్చింటే ఒక టీ తాగేలోపల అయిపోయేది." ట్యూబు తొట్టి అంచు మీద పెట్టాడు. "ఉపాసముండి ఆ పని ఎందుకు చేస్తివని మా ఇంట్లో ఆమె అడిగింది. మూడు రంజానులు అయినాయి. ఆమెకు బదులు సెప్పలేకపోయినా. దేవుని పేరున ఉన్న ఉపాసానికి నేనే చెడ్డపేరు తెచ్చినా అనుకుంటిని."

నేను క్షమించమన్నాను. ఆ మాట ఆయన విననట్టే ఉన్నాడు.

"కాలు పోయినాయప్పకు సెప్పినావా?"

"లేదు. ముందు నీకే."

"ముందు ఆయప్పకు సెప్పాల్సింటిది. పా, పోదాం."

కొట్టుకు తాళం వేసి నా స్కూటరు వెనక కూర్చున్నాడు. ఆదోని పోయాం. నా స్నేహితుడు ఇంట్లోనే ఉన్నాడు. మా ఇద్దర్నీ కలిపి చూసి అతని భార్య కూడా వచ్చి నిలబడింది. వాళ్ల ముందు అంతా మళ్లీ చెప్పాను. టీకొట్టు దగ్గర అతను ఉందామన్న సంగతి అతనికి గుర్తుంది. నేను చెప్పడం అయిపోయాక అతను నా వైపు చూడకుండా మేస్త్రీని అడిగాడు.

"ఆ పొద్దు ఆస్పత్రిలో నువ్వు నా కాలు పట్టుకుంటివి గదా?"

"పట్టుకుంటి."

"నేను నిన్ను తిట్టినా. నీ చేతులు పడిపోవాలని తిట్టినా."

"తిట్టినావులే అప్పా. నొప్పికి."

అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వు గుమ్మం కాడ నిలబడుకుని వింటాంటివి." అంతే అన్నాడు. లేచి, కర్ర తీసుకుని లోపలికి పోయాడు. అతని భార్య మేస్త్రీకి మాత్రం కూర్చోమని కుర్చీ జరిపింది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు.

జీపుల గ్రూపులో కూడా ఆ రోజే చెప్పాను, రాసీ పెట్టాను, గొంతుతోనూ పెట్టాను. కొందరు దండాలు పెట్టే బొమ్మలు పంపారు. ఇప్పుడెందుకప్పా ఇదంతా అన్నారు ఒకరిద్దరు. కొత్తగా చేరిన ఒకాయన, ఇంతకీ ఆ మేస్త్రీ ఎవరు అని అడిగాడు. నేను నాశనం చేసిన పేరు సగం మందికి ఇప్పుడు తెలియనే తెలియదు. తెలియని పేరును తిరిగి నిలబెట్టడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

నా స్నేహితుడు నాతో మాట్లాడడం లేదు. అది నాకు రావలసిందే. అతని దగ్గర పత్తి తోలే చిన్న లారీ ఒకటుంది. మొన్న దాని కమాను కట్టలు మార్చాల్సి వస్తే, డ్రైవరును పిలిచి ఎమ్మిగనూరు మేస్త్రీ దగ్గరికే పొమ్మన్నాడట. పోయి వచ్చిన డ్రైవరు నా దుకాణానికి పైపు కొనడానికి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాడు.

లారీ పొద్దుటి నుంచి పంచరు కొట్టు ముందే నిలబడిందట. మేస్త్రీ నేను చేయనప్పా, ఆ పని వదిలేసినా అన్నాడట. మా సావుకారు నువ్వే చెయ్యాలన్యాడు, లేకుంటే బండి ఈడనే ఉంటాది అని డ్రైవరు మొండికేశాడు. మధ్యాహ్నం దాకా అలాగే జరిగింది. చివరికి మేస్త్రీ పక్క షెడ్డులోని ఇంకో మేస్త్రీని పిలుచుకొచ్చి పని అతనికి అప్పగించాడు. తను పానా పట్టుకోలేదు. కానీ కొట్టుకూ పోలేదు. గోనెపట్టా వేసుకుని, ఆ రెండో మనిషి పక్కన బండి కింద పడుకున్నాడు. అతను నట్టు బిగించి చాలన్నప్పుడల్లా, చూసి, "ఇంకో అర చుట్టు," అనేవాడట. అన్ని నట్లకూ అదే మాట. పానా వేసి లాగితే ప్రతిసారీ నట్టు సరిగ్గా ఆ అర చుట్టు తిరిగి ఆగిందట.